రాత్రికి ఒక పసుపుపచ్చది

ఆ బుధవారం పొద్దున మందుల షాపు షట్టరు పైకెత్తుతూ ఎర్సీలియా ఒక నిర్ణయం తీసుకుంది. సాయంత్రం ఆ షట్టరు దించేలోగా ఊళ్లో ఒక్కరికైనా క్వార్తీల్లా అత్త పుస్తకాలు అంటగట్టాలి.

క్వార్తీల్లా అత్త నిజం మనిషి కాదు. ఒక నవలల వరుసలో డిటెక్టివు. వృత్తికి దర్జీ. అనుమానం ఉన్నవాణ్ణి కోటు కొలతలకని పిలిచి, వేసిన గుడ్డ నిండా గుండుసూదులు పెట్టి, కదిలితే గుచ్చుకునేలా నిలబెట్టి, అప్పుడు తీరిగ్గా ప్రశ్నలు మొదలుపెడుతుంది. ఆ పుస్తకాల్లో హత్యలు జరుగుతాయి గాని నెత్తురు కనిపించదు. ఒక పేజీలో శవం దొరికితే తర్వాతి పేజీలో అందరూ భోజనానికి కూర్చుంటారు.

ఎర్సీలియా, ఆమె స్నేహితురాలు నీవెస్ టీచరు ఆ నవలల్ని చెరొకటి కొనుక్కుని, ఒకే రాత్రి చదివి, ఫోన్లో ఒకరికొకరు వినిపించుకుని కడుపులు పట్టుకుని నవ్వేవాళ్లు. నీవెస్ కిందటేడు చలికాలంలో పోయింది. ఆమె పోయాక ఆ వరుసలో ఆఖరి పుస్తకం వచ్చింది. ఎర్సీలియా కొన్నది గాని తెరవలేదు. చుట్టిన కాగితం విప్పకుండా కౌంటరు కింద సొరుగులో పెట్టింది. ఒక్కతే కూర్చుని నవ్వితే ఇంట్లో ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. పాత పుస్తకంతో ఒకసారి ప్రయత్నించి చూసింది. భరించలేకపోయింది.

మర్నాడు చర్చిలో నీవెస్ సంవత్సరీకం పూజ. ఆ లోపు తోడు చదివే మనిషి దొరికితే సరి, లేకపోతే సొరుగులో ఉన్నదాన్ని తెరవకుండానే చర్చిలో బీదల కోసం పెట్టిన పెట్టెలో వేసేద్దామనుకుంది.

ఇక్కడొక మాట చెప్పాలి. మా ఇటలీలో డిటెక్టివ్ నవలని ఎవరూ డిటెక్టివ్ నవల అనరు. పసుపుపచ్చది అంటారు. మా తాతల కాలంలో ఆ పుస్తకాలకి పసుపుపచ్చ అట్టలు వేసేవారు. అట్టలు మారిపోయినా పేరు మిగిలిపోయింది. "నిన్న ఒక పసుపుపచ్చది పట్టుకున్నాను, వదల్లేకపోయాను" అంటే బడిపిల్లలకి కూడా అర్థమవుతుంది. అయితే ఆ మాట మందుల షాపు కౌంటరు వెనక తెల్లకోటు వేసుకుని నిలబడి చెప్పకూడదు. మందుల చదువు చదివి షాపు నడిపే ఆడమనిషిని మా రోక్కల్వేనాలో డాక్టరమ్మ అనే పిలుస్తాం. డాక్టరమ్మ నోటివెంట పుస్తకాల సంగతి వస్తుందని ఎవరనుకుంటారు?

మొదట వచ్చింది పాల్మీరా. చర్చి ఇంట్లో ఫాదర్ ఎజీదియోకి వండిపెట్టి, బట్టలుతికి, ఆయన తరఫున ఊరందరి మీదా కోప్పడే మనిషి.

"డాక్టరమ్మా, మా ఫాదర్ గారికి కొన్నాళ్లుగా కంటిమీద కునుకు లేదు. రాత్రంతా అటూ ఇటూ పచార్లు. ఆ చెప్పుల చప్పుడుకి నాకూ నిద్ర లేదు. ఏదైనా ఇద్దురూ."

ఎర్సీలియా కళ్లు మెరిశాయి. "మందులెందుకు పాల్మీరా? రాత్రి పడుకోబోయే ముందు ఒక మంచి పసుపుపచ్చది చాలు."

"పసుపుపచ్చదా?"

"ఆఁ. నేనూ నీవెస్సూ ఏళ్ల తరబడి అదే కదా! ఇక ఈ లోకం గుర్తుండేది కాదనుకో."

పాల్మీరా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. నీవెస్ టీచరు పైకి ఎంత పద్ధతిగా ఉండేదో ఆమెకు గుర్తొచ్చింది.

"అలవాటైపోదూ?" అంది గొంతు తగ్గించి.

"అవుతుంది మరి! ఒకటి అయ్యేసరికి ఇంకోదానికి చెయ్యి దానంతటదే వెళ్తుంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. మొదటిదానితో మొదలుపెట్టకూడదు. అది కాస్త బరువు. రెండోదానితో మొదలుపెట్టాలి."

"మొదటిది లేకుండా రెండోది ఎలాగమ్మా?"

"దాటెయ్యడమే."

"అయితే ఇవ్వండి."

"ఇక్కడెక్కడివి? మా ఇంట్లో ఉన్నాయి, కావాలంటే తెచ్చిస్తా. అయినా మీ చర్చి ఇంట్లోనే పాతవి ఉండాలే. పోయిన ముసలి ఫాదర్ గారికి అవంటే ప్రాణం."

పాల్మీరా ముఖం విప్పారింది. "ఉన్నాయి, ఉన్నాయి! ఆయన బీరువాలో ఒక పెట్టె ఉంది. నిండా అవే!"

ఇద్దరూ సంతోషంగా విడిపోయారు. ఎర్సీలియా ఆ మధ్యాహ్నం భోజనం చేస్తూ చాలాకాలం తర్వాత ఈల వేసింది. ఫాదర్ ఎజీదియో కాస్త చాదస్తుడే గాని నవ్వొస్తే ఆపుకోలేని మనిషి. పుస్తకం నచ్చితే పూజ అయ్యాక ఆయనతో కూర్చుని ఆఖరిది విప్పవచ్చు.

ముసలి ఫాదర్ గారికి పసుపుపచ్చ నవలలంటే ప్రాణమన్న మాట నిజమే. కాని ఆయన పోయాక వాటిని మేనల్లుడు పట్టుకుపోయాడు. బీరువాలో మిగిలిన పెట్టెలో ఉన్నవి, చివరి రోజుల్లో కాళ్లు వాచినప్పుడు ఒంట్లో నీరు తియ్యడానికి వాడిన మాత్రలు. అవీ పసుపుపచ్చవే. పాల్మీరా ఆ రాత్రి పెట్టె తెరిచి, పైనున్న మొదటి మాత్రని తీసి కిటికీలోంచి విసిరేసింది. రెండోదాన్ని గ్లాసుడు నీళ్లతో ఫాదర్ చేతిలో పెట్టింది. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చేసిందని ఒప్పుకోవాలి.

ఆ రాత్రి పచార్లు తగ్గలేదు సరికదా, వేగం పెరిగింది. పొద్దున్నే పాల్మీరా ఆలోచించింది. ఒకటి అయ్యాక ఇంకోదానికి చెయ్యి వెళ్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఇంకో మాత్ర కాఫీతో ఇచ్చింది.

పూజకి ఊరంతా వచ్చింది. నీవెస్ దగ్గర అక్షరాలు దిద్దనివాళ్లు మా ఊళ్లో తక్కువ. ఫాదర్ ఎజీదియో ఊదారంగు వస్త్రాల్లో పీఠం ముందు నిలబడి, "ప్రభువా, మా సోదరి నీవెస్..." అని ఆగిపోయాడు. ఆయన ముఖం ఎర్రబడింది. చేతులు జోడించి, తల వంచి, మెల్లగా పక్కగదిలోకి నడిచి వెళ్లాడు. పాట బృందం ఒక పాట అందుకుంది. ఆయన తిరిగొచ్చాడు. "ప్రభువా, మా సోదరి..." మళ్లీ వెళ్లాడు. బృందం అదే పాట మళ్లీ పాడింది.

"టీచరమ్మంటే ఎంత అభిమానమో చూశావా, నోట మాట రావడం లేదు పాపం," అని రెండో వరసలో రొట్టెల షాపు ఆవిడ కళ్లు తుడుచుకుంది. వెనక వరసలో ఇంకో నలుగురు వెక్కివెక్కి ఏడ్చారు. మూడోసారి ఫాదర్ 'సోదరి' దాకా కూడా రాలేదు. "ప్రభువా!" అని ఒక్క కేక వేసి, వస్త్రాలు రెండు చేతులా పైకెత్తుకుని పరిగెత్తాడు. ఆ కేకలో ఉన్నంత భక్తి మేమెప్పుడూ వినలేదు.

ముందు వరసలో ఎర్సీలియా చేతిరుమాలు పళ్లమధ్య బిగించింది. ఇదంతా చూస్తే నీవెస్ ఏమయ్యేదో ఆమెకు తెలుసు. అలవాటుగా ఎడమపక్కకి తిరిగింది. అక్కడ ఎవరూ లేరు. నవ్వు గొంతులోనే ఏడుపుగా మారింది. అప్పుడే చర్చి వెనక నుంచి ఎవరో గట్టిగా దగ్గినట్టు వినిపించింది. ఠాణా అధికారి, హోదాని బట్టి మేం మారెష్యాల్లో అని పిలిచే కఫియేరో, ముఖానికి టోపీ అడ్డుపెట్టుకుని బయటికి వెళ్లిపోతున్నాడు. ఆయన మా ఊరికి బదిలీ అయి వచ్చాక నవ్వగా ఎవరూ చూడలేదు. జలుబు చేసినట్టుందని ఎర్సీలియా అనుకుంది.

పూజ ఎలాగో ముగిసింది. చర్చి మెట్ల మీదే పాల్మీరా భోరుమంది. "నాదేం తప్పులేదు! డాక్టరమ్మే చెప్పింది, రాత్రికో పసుపుపచ్చది ఇవ్వమని!"

ఆ మాట మెట్లు దిగేలోపు పెరిగింది. కాఫీ హోటలు చేరేసరికి డాక్టరమ్మ షాపులో పసుపుపచ్చ మందులన్నీ కల్తీవని తేలిపోయింది. భోజనాల వేళకి మందుల షాపు ముందు వరస. ఒకావిడ విటమిన్ మాత్రలు వాపసు తెచ్చింది. ఒక ముసలాయన దగ్గుమందు సీసా కౌంటరు మీద పెట్టాడు. అది ఎర్రగా ఉంది కదా అంటే, "వెలుతురులో పెట్టి చూస్తే పసుపే!" అన్నాడు. ఇంకొకరు నిమ్మకాయ బిళ్లలు తెచ్చారు. అవి కొన్నది ఈ షాపులో కూడా కాదు.

ఎర్సీలియా ఇదంతా ఓర్చుకునేదే. కాని వరసలో ఎవరో గుసగుసగా అన్న మాట ఆమె చెవిన పడింది. "నీవెస్ టీచరు కూడా ఏళ్ల తరబడి అవే వాడేదిట. పాల్మీరాతో ఈవిడే చెప్పుకుందిట. మరి పోదూ?"

ఆమె అలాగే కుర్చీలో కూలబడింది. ఇన్నాళ్లూ స్నేహితురాలు లేదన్న బాధే ఉండేది. ఇప్పుడు ఆమెను తనే చంపిందంటున్నారు.

అప్పుడే జనం పక్కకి తప్పుకున్నారు. మారెష్యాల్లో కఫియేరో లోపలికొచ్చి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. వెనకే పాల్మీరా.

"డాక్టరమ్మా, మీ మీద ఫిర్యాదు వచ్చింది," అన్నాడు. "నిజమని తేలితే షాపు మూయించాల్సి ఉంటుంది. ఈవిడతో నిన్న ఏమన్నారో ఒక్క ముక్క వదలకుండా చెప్పండి."

"నేను చెప్పింది మాత్ర కాదండీ, పుస్తకం! చదువుకునే పసుపుపచ్చది!"

గుమ్మం దగ్గర జనం గొల్లుమన్నారు. "పుస్తకం చదివితే ఫాదర్ గారు అలా పరిగెత్తుతారా?" అని ఒకడు అరిచాడు.

"పుస్తకమన్నదానికి సాక్షి ఎవరు?" అన్నాడు మారెష్యాల్లో.

"నీవెస్," అంది ఎర్సీలియా.

షాపులో ఎవరూ నవ్వలేదు.

"సరే. అన్న మాటలు చెప్పండి."

"రాత్రి పడుకోబోయే ముందు ఒక పసుపుపచ్చది చాలన్నాను."

"విన్నారా!" అంది పాల్మీరా.

"మీరుండండి. తర్వాత?"

"ఒకటి అయితే ఇంకోదానికి చెయ్యి వెళ్తుందన్నాను."

"తర్వాత?"

"మొదటిది కాస్త బరువు, రెండోదానితో మొదలుపెట్టమన్నాను."

మారెష్యాల్లో కనుబొమలు ముడిపడ్డాయి. "రెండోదానితోనా?"

"అవును."

"కొత్తవాళ్లకి? రెండోదా?" ఆయన గొంతు పెరిగింది. "డాక్టరమ్మా, ఇది మాత్రం నేను ఒప్పుకోను! రెండోదాంట్లో హంతకుడు వంటవాడేనని సగంలోనే తెలిసిపోతుంది. క్వార్తీల్లా అత్తని ఎవరికైనా పరిచయం చెయ్యాలంటే నాలుగోదానితోనే! బిషప్పు గారు కొలతలకొచ్చి సూదుల మీద కూర్చుని 'ప్రభువా' అని కేకేసి పరిగెత్తుతాడే, అది చదివాక కదా మనిషి..."

అక్కడ ఆగాడు. పాల్మీరా నోరు తెరుచుకునే ఉంది. క్వార్తీల్లా అత్త పేరు ఎర్సీలియా ఇంతవరకూ ఎత్తనే లేదు.

"మీరు చదువుతారా?" అంది ఆమె మెల్లగా.

మారెష్యాల్లో చెవులు ఎర్రబడ్డాయి. "పోలీసుల మీద ఈ ఊళ్లో ఉన్న జోకులు చాలవా అండీ? ఠాణాలో కూర్చుని పసుపుపచ్చవి చదువుతాడని తెలిస్తే, దొంగని పట్టడం అందులోనే నేర్చుకుంటున్నాడంటారు. పైన చట్టం పుస్తకం అట్ట తొడిగి చదువుతాను."

"పొద్దున చర్చిలో దగ్గింది..."

"దగ్గు కాదండీ," అన్నాడు తల దించుకుని. "టీచరమ్మ పూజలో నవ్వకూడదని తెలుసు. క్షమించండి."

"ఆవిడుంటే మీకన్నా గట్టిగా నవ్వేది," అంది ఎర్సీలియా. అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఈసారి ఆ చప్పుడు ఆమెకు పరాయిగా అనిపించలేదు. సొరుగు లాగి కాగితం చుట్టిన పుస్తకం తీసి కౌంటరు మీద, దగ్గుమందు సీసా పక్కన పెట్టింది. "ఆఖరిది. చదివారా?"

"లేదు. కొనాలంటే పత్రికల షాపులో పైకి అడగాలి."

"అయితే అడగండి. చెరొకటి ఉండాలి. ఒకే రాత్రి చదివి, తర్వాత ఫోన్లో మాట్లాడుకోవాలి. పద్ధతి అది."

మారెష్యాల్లో టోపీ తలకి పెట్టుకున్నాడు. జనం మధ్యలోంచి తిన్నగా ఎదురుగా ఉన్న పత్రికల షాపుకి నడిచి వెళ్లి, ఊరంతా వినేలా, "ఒక పసుపుపచ్చది!" అన్నాడు. మా ఊళ్లో ఒక పోలీసు అంత ధైర్యం చెయ్యడం నేను అదే మొదటిసారి చూశాను. నిమ్మకాయ బిళ్లలు తెచ్చినాయన వాటిని నిశ్శబ్దంగా జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఫిర్యాదు సంగతి పాల్మీరా మళ్లీ ఎత్తలేదు. ఫాదర్ గారికి మాత్రం ఎర్సీలియా నాలుగో పుస్తకం తనే స్వయంగా ఇచ్చి వచ్చింది.

ఆ ఆదివారం సాయంత్రమంతా ఠాణా ఫోను ఎంగేజ్‌లోనే ఉంది. ఆ పూట రోక్కల్వేనాలో ఎవరైనా ఎవరినైనా చంపి ఉంటే, ఫిర్యాదు చేసే దారి ఉండేది కాదు.