క్షవరానికి మేనమామ అనుమతి

ఆ రోజు పొద్దున లోక్‌బీర్ లింబు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. క్షవరం చేయించుకోవాలి, పన్నెండులోపు దరఖాస్తు కేంద్రానికి వెళ్లి చెవులు కనబడేలా ఫోటో దిగాలి, వేలిముద్రలు వేసి రావాలి. చైనాకు వెళ్లిరావడానికి హాంకాంగ్‌లో స్థిరపడ్డ విదేశీయులకు కూడా ఇప్పుడు కార్డు ఇస్తున్నారు. అది చేతికొస్తే సరిహద్దులో గేటు మీద పెట్టి, మొహం చూపించి, దర్జాగా నడిచిపోవచ్చు.

నేపాల్‌లో పుట్టినా లోక్‌బీర్ పెరిగి పెద్దయింది హాంకాంగ్‌లోనే. వాన్‌చాయ్ బార్లలో బేస్ గిటారు వాయిస్తాడు. బేరమాడేది కాంటనీస్‌లో, భార్య సుక్-యిన్‌తో పోట్లాడేదీ ఓడిపోయేదీ కాంటనీస్‌లోనే. సరిహద్దుకు వెళ్లేసరికి మాత్రం కార్డున్న ఆమె గేట్లవైపు, అతను విదేశీయుల వరుసవైపు. పోయిన ఏడు సరిహద్దు అవతల షెన్‌జెన్‌లో బావమరిది కూతురి పెళ్లికి అతను ఆ వరుసలోంచి బయటపడి హోటలుకు చేరేసరికి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. అత్తగారు అతని కోసం ఒక కోడికాలు రుమాల్లో చుట్టి దాచింది. అది తింటుంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఆ అత్తగారికే ఎనభయ్యో పుట్టినరోజు, విందు మళ్లీ షెన్‌జెన్‌లోనే. అల్లుడొచ్చి పక్కన కూర్చుంటేగానీ పుట్టినరోజు నూడుల్స్ ముట్టనని భీష్మించుకుంది. అవి ఆయుష్షు కోసం తినే నూడుల్స్. ఆ వయసులో వాటిని చల్లారబెట్టిన పాపం ఎవరు మోస్తారు? ఇవాళ్టి అపాయింట్‌మెంట్ తప్పితే మళ్లీ దొరికేది పుట్టినరోజు దాటాకే.

ఇక జుట్టు సంగతి. అది భుజాల దాకా ఉంటుంది. పెళ్లయిన నాటి నుంచీ సుక్-యిన్ దాని మీద కత్తులు నూరుతూనే ఉంది. నిబంధనల్లో 'చెవులు కనబడాలి' అన్న మాట చూడగానే ఆమెకు పండగైంది.

"నేను చెప్పట్లేదు, గవర్నమెంటు చెప్తోంది," అంది. "పద, చుంగ్ అన్న సెలూన్‌కి."

ఆ సంబరంలో తల్లికి ఫోన్ చేసి ఆ మాట చెప్పడమే ఆమె చేసిన పొరపాటు. ఆవిడ పుట్టిల్లు ఎక్కడో ఉత్తరాన, షాన్‌డాంగ్‌లో. పైగా చైనా కొత్త సంవత్సరం వచ్చి ఇంకా నెల కాలేదు.

"కొత్త సంవత్సరం మొదటి నెల్లో క్షవరమా?" ఫోన్లోంచి అత్తగారి గొంతు గది దాటి వినబడింది. "మొదటి నెల్లో జుట్టు తీయిస్తే మేనమామకి గండం. ఆ మాత్రం తెలీదూ?"

"అమ్మా, అతను నేపాలీ."

"నేపాలీలకి మేనమామలుండరా?"

లోక్‌బీర్‌కి ఉన్నాడు మరి. రెండు వీధుల అవతలే ఉన్నాడు. బ్రిటిష్ సైన్యంలో చేసి రిటైరైన సుబేదార్ హర్కధోజ్.

"నా నూడుల్స్ కోసం ఆయన ఉసురు పోసుకోమంటావా? నాకసలు పుట్టినరోజే వద్దు."

లోక్‌బీర్ ఫోన్ అందుకున్నాడు. "అత్తయ్యా, జుట్టు తీయకపోతే కార్డు రాదు. కార్డు లేకపోతే నేను టైముకి రాలేను. నేను రాకపోతే మీరు తినరు. మరెలాగ?"

ఆవిడ పక్కింటి ముసలమ్మలతో సంప్రదింపులు జరిపింది. అవి చాలాసేపు సాగాయి. చివరికి, "మామ ఎదురుగా నిలబడి తన నోటితో 'కానివ్వండి' అంటే దోషం పోతుందట," అని తీర్పు వచ్చింది.

కానీ ఒక పెద్దాయనకు ఫోన్ చేసి, మీరు చచ్చిపోయినా ఫరవాలేదని ఒక్క మాట అనేసి వెళ్లండి అని ఎలా అడగడం? సుక్-యిన్ ఫోన్ చేసి, "మామయ్యగారూ, ప్రాణాల మీదికొచ్చింది. చుంగ్ అన్న సెలూన్‌కి వెంటనే రండి," అని పెట్టేసింది. ఎవరి ప్రాణాలో చెప్పలేదు.

మొదటి నెల కాబట్టి చుంగ్ ఈగలు తోలుకుంటున్నాడు. మనిషి కనబడినందుకు సంతోషించాలో భయపడాలో తేలక, "మీకు మేనమామ లేడు కదా?" అని అడిగాడు.

"దారిలో ఉన్నాడు," అంది సుక్-యిన్. "టైమైపోతోంది. ఈలోగా ఒక పక్క కానిచ్చెయ్ అన్నా."

ఒక పక్క అయింది. చాన్నాళ్లకు లోక్‌బీర్ ఎడమ చెవి లోకాన్ని చూసింది. మెడ దగ్గర సవరిద్దామని చుంగ్ కత్తి తీశాడు. అప్పుడే తలుపు తోసుకుని, ఇంటి చెప్పులతో, చేతిలో గొడుగుతో సుబేదార్ వచ్చాడు. మేనల్లుడి మెడ మీద కత్తి చూశాడు. ఇంక ఆగుతాడా?

"వదలరా వాణ్ణి," అంటూ చుంగ్ మీదికి ఉరికాడు. కింద నున్నటి గచ్చు మీద మేనల్లుడి జుట్టు కుప్పగా పడి ఉంది. అడుగు సరిగ్గా దాని మీదే పడింది. గొడుగు ఒక మూలకు, చెప్పు ఇంకో మూలకు పోయాయి. సుబేదార్ నడుం పట్టుకుని మధ్యలో మిగిలాడు.

చుంగ్ కత్తి మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

"ఈయనేనా మామ?"

"ఆ."

"అమ్మ తమ్ముడేనా?"

"ఆ."

"ఇక నావల్ల కాదు. సగం తీస్తేనే మనిషి పడిపోయాడు. మిగతా సగం కూడా తీసి నేను జైలుకెళ్లనా?"

సుక్-యిన్ నేల మీద కూర్చుని బతిమాలింది. "మామయ్యగారూ, 'కానివ్వండి' అని ఒక్క మాట అనండి."

"ఇంకేం కానివ్వాలమ్మా? నా నడుం కానిచ్చారుగా," అన్నాడాయన.

సంగతంతా చెప్పాక సుబేదార్ మొహం మారింది. "ఎనభై ఏళ్ల ఆవిడ నీకోసం తిండి మానేస్తానందా? లేవరా అల్లుడూ. ముందు నీ పని చూసుకుని తర్వాత డాక్టరు దగ్గరికి పోదాం. నా నడుం ఇప్పట్లో ఎక్కడికీ కదిలేలా లేదు."

ఆయన ఏమన్నా చుంగ్ మాత్రం మళ్లీ కత్తి పట్టనన్నాడు; చూస్తే పన్నెండు దగ్గర పడుతోంది. టాక్సీలో ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టి, ఆయన కాళ్లు సుక్-యిన్ ఒళ్లో పెట్టారు. ముందు కూర్చున్న లోక్‌బీర్ తలను డ్రైవర్ రెండు వైపుల నుంచీ చూసి, "డబ్బులు చాల్లేదా?" అని సానుభూతిగా అడిగాడు.

దరఖాస్తు కేంద్రంలో కౌంటర్ వెనక ఉన్న అమ్మాయి కెమెరా మీంచి తల పైకెత్తింది.

"రెండు చెవులూ కనబడాలండీ."

"తెలుసు."

"ఒకటే కనబడుతోంది."

"అదీ తెలుసు."

"మరి రెండోది?"

లోక్‌బీర్ వెనక్కి తిరిగి చూశాడు. కుర్చీల మీద అడ్డంగా పడుకున్న సుబేదార్, ఎవరేం అడిగారో వినకుండానే, "కానివ్వండి, కానివ్వండి," అన్నాడు.

ఆ అమ్మాయి కాగితాల కట్టకున్న రబ్బరు బ్యాండు తీసి ఇచ్చింది. "ఆ పక్క జుట్టు వెనక్కి కట్టుకోండి." కట్టుకున్నాడు. రెండో చెవి బయటికొచ్చింది. "పొడుగు జుట్టువాళ్లంతా ఇలాగే కట్టుకొస్తారు. మీరెందుకండీ తీయించారు?"

లోక్‌బీర్ భార్యవైపు చూశాడు. సుక్-యిన్ గోడ మీది నోటీసును మహా శ్రద్ధగా చదువుతున్నట్టు నిలబడింది. మీ కార్డుల గడువు చూసుకోండి అని అందులో పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

పట్టీలు వేయించుకుని సుబేదార్ కొన్నాళ్లకు లేచి తిరిగాడు. మొదటి నెల దాటేదాకా లోక్‌బీర్ సగం జుట్టుతోనే గిటారు వాయించాడు. బార్లో కుర్రాళ్లు అదేదో కొత్త ఫ్యాషన్ అనుకుని ఎక్కడ చేయించారని అడిగారు. రెండో నెల రాగానే చుంగ్ మిగతా సగం తీశాడు. పుట్టినరోజుకు ముందే కార్డు చేతికొచ్చింది.

ఆ రోజు సరిహద్దులో భార్యాభర్తలిద్దరూ మొదటిసారి పక్కపక్క గేట్ల ముందు నిలబడ్డారు. లోక్‌బీర్ కార్డు పెట్టాడు, మొహం చూపించాడు. గేటు తెరుచుకుంది. అంతే. ఇన్నేళ్లు తనను పక్కకు నిలబెట్టిన చోట అంత తేలిగ్గా దారి దొరికేసరికి అతను ఆ గేటుకే ఒక నమస్కారం పెట్టాడు. ఆ ఆనందం భార్యతో చెప్పుకుందామని తిరిగి చూశాడు.

సుక్-యిన్ గేటు తెరుచుకోలేదు. మళ్లీ పెట్టింది. మళ్లీ ఎర్ర దీపం. అధికారి వచ్చి కార్డు తిరగేసి చూశాడు.

"పోయిన నెల్లోనే గడువు తీరిపోయిందమ్మా. తాత్కాలిక పాస్ కావాలంటే అదిగో, అక్కడ నిలబడాలి."

ఆ వరుస ఎక్కడ మొదలవుతోందో కనబడింది గానీ ఎక్కడ ముగుస్తోందో కనబడలేదు.

"నువ్వెళ్లు," అంది సుక్-యిన్ గాజు అవతలి నుంచి. "నూడుల్స్ చల్లారిపోతాయి."

హోటల్లో నూడుల్స్ ఇంకా పొగలు కక్కుతున్నాయి. లోక్‌బీర్ అత్తగారి పక్కన కూర్చుని జరిగింది చెప్పాడు. ఆవిడ అంతా విని, అతని గిన్నెలో నూడుల్స్ వడ్డించి, ఒక కోడికాలు తీసి రుమాల్లో చుట్టి పక్కన పెట్టింది.

"నువ్వు తిను నాయనా, దానికోసం చూడకు. ఆ వరుసలు ఎంత పొడుగో నీకు తెలియంది కాదు."