గాజు పెట్టె, టేకు పెట్టె

శవపేటికలు చేసే ఆ వడ్రంగిని చాటున అందరూ పెట్టెల మామ అనేవారు. ఎదురుపడితే మాత్రం తప్పుకునేవారు. మనిషిని ఒక్క చూపులో తలనుంచి కాళ్ళదాకా కొలిచేసే అలవాటు ఆయనది.

ఒకనాడు పన్నుపోటుతో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ గోడవారన ఒక గాజుతొట్టి, అందులో సముద్రపు చేపలు. వాటిని చూస్తూ నొప్పి మరిచిపోయాడు. అది వింత కాదు. ఫీజు దగ్గర బేరమాడటం కూడా మరిచిపోయాడు. బుద్ధెరిగాక అలాంటిది ఎన్నడూ జరగలేదు.

“దొరికింది మందు!” అనుకున్నాడు. ఇంటి ముందుగదిలోని ఆయన కొట్టుకి ఏడుస్తూ వచ్చేవాళ్ళంతా ధర చెప్పగానే కళ్ళు తుడుచుకుని బేరానికి దిగుతారు. వాళ్ళముందు నాలుగు చేపలు ఆడిస్తే సరి.

చేపల దుకాణంవాడు మూడు రకాలు చూపించాడు. ఒకటి ఒట్టి చేపల తొట్టి. ఒకటి చేపలతోపాటు బతికున్న రాళ్ళు వేసేది. మూడోది పగడాలు పెంచేది.

“రాయి బతికుండటమేంటయ్యా?”

“దాన్నిండా కంటికి కనపడని జీవులుంటాయన్నా. నీళ్ళు శుభ్రం చేసేది అవే.”

“అయితే దానికీ తిండి దండగేనన్నమాట. నెలకి ఎంతవుద్ది?”

వాడు ఉప్పు, వడకట్టిన నీళ్ళు, పంపు కరెంటు, మేత అంటూ లెక్క ఏకరువు పెట్టాడు. మామకి ఏ లెక్కైనా పెట్టెల్లోకి మార్చుకుంటేగాని బుర్రకెక్కదు. ఒట్టి చేపలకి నెలకో చావు. రాళ్ళు వేస్తే రెండు. పగడాలకి పెద్ద దీపాలు, నీళ్ళు చల్లబరిచే యంత్రం, రోజూ చుక్కల మందులు. వాటిని సాకాలంటే ఊళ్ళో కలరా గత్తర రావాలి.

నెలకో చావుదే తెచ్చుకున్నాడు. తెచ్చింది దేనితో అంటే, భార్య కళ్ళతో. ఆమెకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. చూపున్న రోజుల్లో బట్టలు కుట్టి, ఆపరేషన్ కోసం డబ్బాలో దాచుకున్న సొమ్ము అది.

“నా కళ్ళు తీసుకెళ్ళి చేపలకేశావా?” అంది ఆమె ఖాళీ డబ్బా ఊపుతూ.

“చేపలే నీ కళ్ళు తెచ్చిస్తాయే. ఖర్చేముంది? పిడికెడు ఉప్పు!”

“ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు. ఉప్పు కొన్నవాడు ఏం తాగుతాడో చూద్దాం.”

తొట్టిలో నీళ్ళు రోజూ కాస్త ఆవిరయ్యేవి. తగ్గినంత మంచినీళ్ళు పొయ్యమని దుకాణంవాడు చెప్పాడు. మామ వింటేనా! ముప్పై ఏళ్ళ పనితనం. ఏ చెక్కకి ఆ చెక్కే అతుకెయ్యాలి. టేకుకి టేకు, వేపకి వేప. ఉప్పునీళ్ళు తగ్గితే ఉప్పునీళ్ళే. శ్రద్ధగా కలిపి పోశాడు.

చేపలు ఒకటొకటే వెల్లకిలా తేలాయి.

“ఊళ్ళో నెలకో చావు, ఇంట్లో రోజుకొకటి,” అంది భార్య. “వీటికి పెట్టె కొనేవాళ్ళు కూడా లేరు పాపం. ఏమయ్యా, కూర మరిగిస్తే ఉప్పెక్కుద్దా, తగ్గుద్దా?”

“ఎక్కుద్ది.”

“మరి దాంట్లో మళ్ళీ ఉప్పేస్తారా?”

మామ తేలిన చేపని తియ్యడానికి జల్లిగరిటె కోసం వెళ్ళాడు.

కొట్టులో సంగతి ఇంకా అన్యాయంగా ఉంది. తండ్రికి పెట్టె కొనడానికి వచ్చినాయన తొట్టిని తేరిపార చూసి, “చేపల్ని మేపే స్తోమతున్నవాడివి, మాకు తగ్గించలేవా?” అన్నాడు. మొగుడు పోయినావిడ ఒకతె, తేలుతున్న చేపని చూసి ఘొల్లుమంది. “మా ఆయన్నీ బాగానే చూస్తున్నామన్నారు ఆస్పత్రిలో!” ఆవిడ్ని ఓదార్చడానికి మామే ధర తగ్గించాడు.

ఆఖరి చేపా పోయింది. భార్యకి చెప్పడానికి నోరు రాలేదు. ఆమెకి కనపడేది ఎలాగూ రంగుల మసకే. చెక్కముక్కలు చేపల్లా చెక్కి, రంగులేసి, దారాలు కట్టి తొట్టిలో వేలాడదీశాడు. పంపు ఆపేశాడు.

“చప్పుడు లేదేం?”

“కొత్త పంపు. చప్పుడు చెయ్యదు.”

“మేత డబ్బా బరువు తగ్గట్లేదేం?”

“పొదుపైన చేపలు.”

ఆమె తొట్టి ముందు కూర్చుంటే, మామ వెనకనుంచి దారాలు లాగేవాడు. “ఎర్రది హుషారుగా ఉందయ్యా,” అనేది. ఆ మాట విన్నప్పుడల్లా ఆయనకి అన్నం సయించేది కాదు.

కొన్నాళ్ళకి ఆమె, చెల్లెలికి ఒంట్లో బాగాలేదని వెళ్ళింది. నల్ల కళ్ళజోడుతో తిరిగొచ్చింది. కంట్లో దుమ్ము పడిందంది. మామ మారు ప్రశ్న వెయ్యలేదు; అడగడం మొదలైతే అటునుంచీ అడుగుతారు. తొట్టి వెనక చేరి దారం లాగాడు.

“ఎర్రదానికి ఇటుపక్క కన్ను పెట్టలేదేం?” అంది ఆమె.

దారం ఆగింది.

“నీకు... కనిపిస్తుందా?”

ఆమె కళ్ళజోడు తీసింది. “ఒక కన్ను వచ్చింది. రెండోది తర్వాత చేస్తారంట. నువ్వింత ముసలాడివయ్యావని ఒక్కళ్ళూ చెప్పలేదే!”

“డబ్బు?”

“వెనక గుడ్డ తీసి చూడు.”

కొట్టు వెనక, గుడ్డ కప్పి రెండు టేకు పెట్టెలుండేవి. ఒకటి తనకి, ఒకటి ఆమెకి. పెళ్ళయ్యాక మామ ఆమెకి చేసిపెట్టిన మంచి వస్తువు అదొక్కటే. ఇప్పుడు గుడ్డకింద ఆమెదొక్కటే ఉంది. పక్కన, గుడ్డ పల్లం పడకుండా బల్ల జరిపి పెట్టి ఉంది.

“నాది అమ్మేశావా!”

“నువ్వు కలప డిపోకి పోయినప్పుడు ఎవరో వచ్చారు. చాలాసేపు బతిమాలారు. వాళ్ళ మొహాలు నాకు కనపడలేదు, అందుకని తగ్గించబుద్ధి కాలేదు.”

మామ మిగిలిన పెట్టె అంచు తడిమాడు. “మరి నేను పోతే?”

“ఇదుందిగా. ముందెవరు పోతే వాళ్ళకి.”

“ఇది నాకు పొట్టి.”

“అయితే పోకు.”

మామ తొట్టిలోంచి ఎర్రచేపని బయటికి తీసి, గుడ్డతో తుడిచి, కుంచె వెతుక్కున్నాడు. ఆమె ముక్కాలిపీట దగ్గరికి లాక్కుని కూర్చుంది.

“కాస్త పైన పెట్టు,” అంది. “అక్కడ కాదయ్యా, అది మొప్ప.”