హెడ్డర్ ఫోల్డరు అపహరణ

"పోలీసుల బుర్ర ఎక్కడ ఆగిపోద్దో, త్రినాథ్ బుర్ర అక్కడ మొదలవుద్ది" అని నా స్నేహితుడు త్రినాథ్ స్వయంగా ప్రకటించుకున్నాడు. పోలీసుల్ని ఎవరూ పిలవలేదు కాబట్టి కాదనేవాడు లేకపోయాడు.

సాలూరులో గణపతిరావుగారి లారీ బుకింగ్ ఆఫీసుకి వెబ్‌సైటు చేసింది నేనే. ఆఫీసు కంప్యూటరే దానికి సర్వరు. ప్రతి పేజీ నెత్తిన కనబడే హెడ్డర్ని, అంటే పేరూ ఫోన్ నంబర్లూ, ఒక ఫోల్డరులో పెట్టి, ఫలానా దారిన వెళ్లి తెచ్చుకోమని పేజీలకి రాసిపెట్టాను. ఆ ఉదయం పేజీలు బుద్ధిగా ఆ దారినే వెళ్లాయి. అక్కడ ఫోల్డరు లేదు. సైటంతా తప్పుల చిట్టా అయిపోయింది.

సాయంత్రంలోగా బాగవకపోతే పని విజయనగరం వాళ్లకిచ్చేస్తానన్నారు గణపతిరావుగారు. నాకున్నది ఆ ఒక్క కాంట్రాక్టే. నిజంగా భయమేసింది. వెతుకుదామని మౌస్ పట్టుకుంటే, నేరస్థలంలో ఏదీ ముట్టుకోరాదంటూ త్రినాథ్ నా చెయ్యి లాగేశాడు.

"ఒరే, ఫోల్డరు దానంతటది నడిసెల్లిపోద్దేటి? ఇది అంతర్జాతీయ ముఠా పని."

ముఠా నాయకుడిగా లారీ డ్రైవరు పోతురాజుని ఎంచుకున్నాడు. ఆవులించడం ఒక్కటే అతని మీద ఆధారం. తర్వాత కుర్చీల్నీ, టీ గ్లాసుల్నీ, పోతురాజు చెప్పుల్నీ ఫోటోలు తీసి, 'సాక్ష్యాలు' అని ఫోల్డరు చేసి, కంప్యూటరు తెర మీద కుడివైపు పై మూలన, పోయిన ఫోల్డరు ఉండే ఖాళీలో పెట్టాడు.

అంతలో గణపతిరావుగారి భార్య తాయారమ్మగారు భోజనం క్యారేజీతో వచ్చారు. తెర చూసి మొహం చిట్లించారు.

"ఈశాన్యంలో మల్లీ బరువెట్టేసినారేటి బాబూ. బరువు నైరుతిలో ఉండాల. పొద్దున్నే ఒకటి సర్దినాను గదా."

తెర పైభాగం ఉత్తరమని ఆవిడ లెక్క. 'సాక్ష్యాల్ని' పట్టుకుని ఎడమవైపు కింది మూలకి ఈడ్చారు. అక్కడున్నది వాళ్లమ్మాయి పెళ్లిఫోటోల ఫోల్డరు. సాక్ష్యాలు అందులో పడి మాయమయ్యాయి. గబగబా అది తెరిచాను. తలంబ్రాల ఫోటో పక్కన నా ఫోల్డరు క్షేమంగా కూర్చుని ఉంది.

"నేను పన్నిన వల," అన్నాడు త్రినాథ్. గణపతిరావుగారు అతని భుజం తట్టి, క్యారేజీలో ముందు అతనికే వడ్డించమన్నారు. పోతురాజుకి ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

ఫోల్డరుని పాత చోటుకి లాగబోయాను. గణపతిరావుగారు ఆపారు.

"ఒగ్గీ బాబూ, దాన్ని కదపకు. అది నైరుతికెల్లిన కాడ్నించీ ఫోన్లు ఆగనేదు. నీ దారే మార్సుకో."

సైటు చచ్చింది గనకే నంబరు తెలిసిన పాతవాళ్లు ఫోన్లు చేస్తున్నారని చెప్పబోయి, కాంట్రాక్టు గుర్తొచ్చి కీబోర్డు అందుకున్నాను. ప్రతి పేజీలోనూ దారి మార్చి రాశాను. ఇప్పుడు గణపతిరావుగారి లారీలు ఎవరికి కావలసినా, పేరూ నంబర్ల కోసం పేజీలు ముందు ఆయనగారి అమ్మాయి పెళ్లికి వెళ్లి రావలసిందే.