రోకలి మీద ప్రకృతి పాఠం

ఆ శనివారం పొద్దున సీతాపతి అయ్యవారు వేసుకున్న పథకం చాలా చిన్నది. నాలుగో తరగతి పిల్లలు ఇరవై రెండు మందిని పెన్న ఏటి ఇసుకలోకి తీసుకుపోవాలి. బడి తొట్టి కింద దొరికిన కప్పను చూపించి పాఠం చెప్పాలి. చెలమ తవ్వి దాన్ని అందులో వదలాలి. ఎండ ముదరకముందే తిరిగి రావాలి. ఈ మాత్రానికే అతను హెడ్మాస్టరు వేదవ్యాసగారి చుట్టూ మూడు నెలలు కాళ్లరిగేలా తిరిగాడు.

"ఇసుకలో కూచుంటే సదువొస్తాదా?" అన్నారాయన చివరికి. "సరే, ఒక్కతూరి పో. ఈదిలో గోల ఇనపడిందో, ఇదే ఆఖరు. మళ్లా నా ముందర ఆ మాట ఎత్తొద్దు."

సీతాపతి మద్రాసులో పుట్టి పెరిగినవాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక జమ్మలమడుగు బడికి వచ్చాడు. నల్లబల్ల మీద పువ్వు గీసి, పువ్వంటే ఇదీ అని చెప్పడానికి అతనికి సిగ్గేసేది. తరగతిలో కునికే పిల్లలే బయట చీమల బారు కనబడితే కళ్లింతింత చేసుకునేవాళ్లు. అది చూసినప్పుడు పట్టుకుంది అతనికి ఈ పిచ్చి.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కప్ప ఎండిపోతుందేమోనని బెంగపడి, దాన్ని తడిగుడ్డలో వదులుగా మూట కట్టాడు. నీడకు నాలుగు వేపమండలు చుట్టాడు. పట్టుకుంటే చేతి వేడి తగులుతుందని, "ఒక కర్ర తీసుకురామ్మా" అని ఖదీజాను పంపాడు. బడి పక్కనే ఇల్లున్న ఆ పిల్ల చేతికందిన రోకలి తెచ్చింది. మూటను రోకలి నడుమ కట్టి, ఒక కొన ఆ పిల్లకిచ్చి, ఒక కొన తన భుజాన పెట్టుకుని సీతాపతి వీధిలోకి నడిచాడు.

వానల్లేని ఏడు కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, పిల్లలు వీధిన పడితే దాని అర్థమేమిటో ఆ సీమలో పాలు తాగే బిడ్డక్కూడా తెలుసు. తెలియనివాడు సీతాపతి ఒక్కడే. అయ్యవారికి తెలియనిది ఉంటుందా అని పిల్లలు నోరెత్తలేదు.

మొదటి మలుపులో వెంకటరమణమ్మ ఇల్లు. పెద్ద సేద్యమున్న ఇంటి పెద్దావిడ. వాకిట్లోంచి చూసింది, చెంపలేసుకుంది, పరుగున పోయి బిందె తెచ్చింది. కప్ప మీద పోసిన నీళ్లలో ముప్పాతిక సీతాపతి నెత్తిన పడ్డాయి.

"అమ్మా! ఇది పాఠమండీ! ప్రకృతి పాఠం!"

"పాఠమో, పూజో! వాన రావల్ల సామీ, అంతే!" అంటూ ఆవిడ చేటెడు జొన్నలు పిల్లల సంచిలో పోసింది. "కప్పమ్మను మోస్తా మూగోళ్ల మాదిరి పోతాండారేందిరా? పాడండి!"

ఎక్కాలడిగితే నేలచూపులు చూసే పిల్లలు వానపాట ఒక్క గొంతుతో ఎత్తుకున్నారు. సీతాపతి ఆపమని ఖాళీ చెయ్యి ఊపాడు. తాళం వేస్తున్నాడనుకుని వాళ్లు గొంతు పెంచారు. ఇక ఇంటికో బిందె, బిందెకో కేక.

సందు చివర జట్కా తోలే నూరుల్లా కూతురు ఖదీజాను చూశాడు. "నా బిడ్డ ముందర నడుస్తాంటే నేను ఊరకుంటానా?" అని జట్కాలోంచి పీర్ల పండగ డప్పు తీశాడు.

"మెల్లగా నూరుల్లా, హెడ్మాస్టరుగారు వింటారు!"

"ఆయనొక్కడు ఇంటే సాల్తాదా సామీ? ఆకాశానికి ఇనపడల్ల!"

ఏరు చేరేసరికి వెనక సగం వీధి ఉంది. సీతాపతికి ఏడుపొక్కటే తక్కువ. మూడు నెలల తిరుగుడూ ఏట్లో కలిసిపోయింది. వచ్చే వారం నుంచి మళ్లీ నల్లబల్ల మీది పువ్వే.

దిగులుగానే చెలమ తవ్వడం మొదలుపెట్టాడు. మూరెడు తవ్వినా చుక్క లేదు.

"ఆడ కాదు సామీ," అంది వెంకటరమణమ్మ, చీర కుచ్చిళ్లు ఎగదోపి. "తుంగ పచ్చగ యాడుందో ఆడ తవ్వల్ల."

అక్కడ జానెడు లోతుకే నీళ్లు ఊరాయి. పిల్లలు కేకలేశారు. నూరుల్లా డప్పు దించి, "ఇది ఉడుము జాడ. నడుమ తోక గీసిన గీత చూడండి" అని చూపించాడు. తల్లులూ పిల్లలూ మోకాళ్ల మీద కూర్చుని జాడలు వెతికారు. ఎవరో జొన్నలు ఉడకేశారు. సీతాపతి రాసుకొచ్చిన పాఠం జేబులోనే తడిసి ముద్దయింది. కప్ప చెలమలోకి దూకింది.

అప్పుడొచ్చారు వేదవ్యాసగారు, గొడుగుతో, ఎర్రబడ్డ మొహంతో.

"సీతాపతీ! ఇదేనా గోల లేకుండా..."

"ఆలస్యమైనా వస్తివి గదా సామీ!" అని వెంకటరమణమ్మ ఆయన నెత్తిన నిండు బిందె కుమ్మరించింది. "అయినా ఒక్కతూరికే వాన యాడొస్తాది? వాన పడేదాంక ప్రతి శనివారం బిడ్డల్ని పంపల్ల."

వేదవ్యాసగారు కళ్లద్దాలు తుడుచుకుంటూ చుట్టూ చూశారు. కాదంటే, ఆ ఏడు పడని వానంతా తన ఖాతాలోనే పడుతుంది.

"అట్లే కానీ," అన్నారు. ఆ తర్వాత కాళ్ల దగ్గరికి చూసి, గొంతు తగ్గించి, "ఈ బొక్క ఏందిమే?" అని ఖదీజాను అడిగారు.

"ఎండ్రకాయ ఇల్లు సార్. వంగి సూడండి."

ఆయన వంగారు. చాలాసేపు లేవలేదు.

మూడో శనివారం వాన దంచి కొట్టింది. ఊరంతా సంబరపడింది. నాలుగో శనివారం ఇక పంపరని సీతాపతి నల్లబల్ల తుడిచి పెట్టుకున్నాడు. కానీ తెల్లారేసరికి వెంకటరమణమ్మ బడి ముందుంది. "వచ్చిన వాన నిలవద్దా సామీ? పోదాం పా!"

ఆ పొద్దున హాజరుపట్టీలో ఇరవై రెండు పేర్ల కింద వేదవ్యాసగారు ఇరవై మూడోది రాశారు: కప్ప, హాజరు.