మంత్రిగారు రన్ చేసే శాఖ

జర్మనీ పెట్టుబడిదారులకు జర్మన్‌లోనే స్వాగతం పలుకుతానని మా పరిశ్రమల మంత్రిగారు ప్రకటించారు. అంతటి మహాసంకల్పానికి వారి స్టెనోగా నేను ప్రత్యక్ష సాక్షిని. ఇంగ్లీషు ఉపన్యాసాన్ని జర్మన్‌లోకి మార్చడానికి, ఆ భాష చదువుకుని ఖాళీగా ఉన్న మా మేనకోడల్ని నేనే తీసుకొచ్చాను.

"నన్ను గట్టెక్కించమ్మా, నీకు పర్మనెంటు ఉద్యోగం ఇప్పిస్తా" అన్నారు మంత్రిగారు.

పాపం, ఆ ఆశతోనే పిల్ల మొత్తం ఉపన్యాసాన్ని ఒక్క పూటలో లాగించేసింది, మొదటి వాక్యం తప్ప. "ఐ రన్ దిస్ డిపార్ట్‌మెంట్" అన్నది ఆ వాక్యం.

"ఇంగ్లీషులో అన్నిటికీ రన్ సరిపోతుంది సార్. జర్మన్‌లో పరుగెత్తితే లౌఫెన్, ఎన్నికల్లో నిలబడితే కాండిడీరెన్, ఆఫీసు నడిపితే లైటెన్. మీరిక్కడ ఏం చేస్తారో చెప్తే సరైన మాట పెట్టేస్తాను."

"నడపడమే పెట్టు."

సెక్రటరీ గారు గొంతు సవరించుకున్నారు. "మీరే నడుపుతున్నారంటే, మూతబడ్డ ఫ్యాక్టరీల సంగతి కూడా మిమ్మల్నే అడుగుతారు సార్."

"అయితే మీరు నడుపుతున్నారని రాయిద్దాం."

"అబ్బే, నేను సలహా మాత్రమే ఇస్తాను సార్."

జాయింట్ సెక్రటరీని పిలిపించారు. పైనుంచి వచ్చింది కిందికి పంపడమే తన పనని ఆయన వినయంగా చెప్పారు. కిందినుంచి వచ్చింది పైకి పంపుతానన్నాడు సెక్షన్ ఆఫీసర్. మంత్రిగారు దూరదృష్టి గలవారు గనక, శాఖను ఎవరు నడుపుతున్నారో తేల్చడానికి అక్కడికక్కడే కమిటీ వేసి, దానికో ఏసీ గదీ, కారూ మంజూరు చేశారు.

కమిటీ తేల్చేలోపే అతిథులు దిగిపోయారు. మొదటి వాక్యంలో మాట కోసం ఖాళీ వదిలిన చోట మంత్రిగారు ఆగి చేతులు జోడించి, మిగతాదంతా గడగడా చదివేశారు. చప్పట్లు మారుమోగాయి. అతిథుల నాయకుడు లేచి ఏదో అడిగాడు.

"ఒప్పందం మీద సంతకం ఎవరు పెడతారని అడుగుతున్నారు సార్" అంది మా పిల్ల.

మంత్రిగారు సెక్రటరీ వైపు చూశారు. సెక్రటరీ జాయింట్ సెక్రటరీ వైపు, ఆయన సెక్షన్ ఆఫీసర్ వైపు చూశారు. సెక్షన్ ఆఫీసర్ తలుపు వైపు చూశాడు. అతిథులు కాఫీ తాగి, అదే తలుపులోంచి వెళ్లిపోయారు.

అయినా మాట నిలబెట్టుకోవడంలో మా మంత్రిగారిని కొట్టేవాళ్లు లేరు. ఆ వారంలోనే మా పిల్లకు ఆ కమిటీలోనే పర్మనెంటు ఉద్యోగం ఇప్పించారు. నాకు కళ్లు చెమర్చాయి. పిల్ల మొదటి జీతం అందుకుని స్వీట్లతో ఇంటికొస్తే ముచ్చటగా అడిగాను.

"ఇంతకీ అక్కడ నీ పనేంటే?"

"దాని మీద కూడా కమిటీ వేశారు మావయ్యా."