పన్నెండు కోళ్ళ పంక్తి

ఆ సోమవారం పొద్దున పన్నెండు కోళ్ళకు నోట్లో చుక్కలు వేసి, ఎనిమిదింటి బస్సు పట్టుకుందామనుకున్నాడు మల్లన్న. అతను వైరస్ జబ్బుల ప్రయోగశాలలో ఏడేళ్ళుగా రోజుకూలీ అటెండరు. అతను ఉండే ఛత్రినాక బస్తీలో కోళ్ళకు మసూచి తగిలిందని విని, ప్రయోగశాల డాక్టర్ భాస్కరరావు తన కొత్త మందును అతని పెరట్లోనే పరీక్షకు పెట్టాడు. పరీక్ష నెగ్గితే మల్లన్న ఉద్యోగం పర్మనెంటు.

ఎర్రదారం కట్టిన ఆరింటికి మందు, తెల్లదారం కట్టిన ఆరింటికి ఉత్త నీళ్ళు. రెండు వారాలు అలా పోసి తేడా చూడాలి. బస్సు హారన్ వినగానే మల్లన్న సీసాలు రెండూ భార్య నీలమ్మ చేతిలో పెట్టి పరుగెత్తాడు. ఆ రోజు నుంచి ఆ పని ఆమెదే అయింది.

సైన్సు సంగతి సైన్సుది, నీలమ్మ సంగతి నీలమ్మది. ఒకే పంక్తిలో ఒకరికి నెయ్యి, ఒకరికి నీళ్ళు వడ్డించే ఇంట ఆమె పుట్టలేదు. ఏ రోజు వంతు ఆ రోజు రెండు సీసాల్లోంచీ ఒక చెంబులో కలిపి పన్నెండింటికీ సమానంగా పోసింది. మూడోనాటికి వాడకట్టు ఆడవాళ్ళు తమ కోళ్ళను చంకన పెట్టుకొని వచ్చారు. పాపం, కాదనలేకపోయింది. చెంబులో ఇంకొన్ని నీళ్ళు పడ్డాయి.

రెండు వారాల తర్వాత భాస్కరరావు వచ్చి కోళ్ళను ఒక్కొక్కటే తిరగేసి చూశాడు. పన్నెండూ నిగనిగలాడుతున్నాయి. ఆయన ముఖం మాత్రం వాడిపోయింది.

"నీళ్ళు తాగినవి కూడా బాగున్నాయంటే మీ ఇంటికి రోగమే రాలేదన్నమాట. పరీక్ష దండగయింది. ఇక నీ ఉద్యోగం గురించి పైవాళ్ళతో ఏమని చెప్పను, మల్లన్నా?"

మొగుడి ముఖం చూసి నీలమ్మ ఉండబట్టలేకపోయింది.

"తప్పు నాదే సారూ. రెండూ కలిపి అన్నిటికి పోసిన. వాడకట్టు కోళ్ళకు గూడ పోసిన."

"గిట్లెందుకు జేసినవే?" అన్నాడు మల్లన్న.

"పంక్తిల భేదం జేస్తే పాపం గాదా? నీకు గట్ల వడ్డిస్తే తింటవా?"

భాస్కరరావు మంచం మీద కూలబడ్డాడు. పక్క ఇళ్ళ వైపు చూసి అడిగాడు. "ఈ గల్లీలో మందు పడని కోళ్ళు అసలున్నాయా అమ్మా?"

"ఎదురింటి సుందరమ్మ కోళ్ళు ఉన్నయ్ సారూ. నెల కింద నల్లా కాడ నాతోని నీళ్ళకు లొల్లయింది. నా చేతి నీళ్ళు గూడ ముడ్తలేదు."

ఆయన గల్లీ దాటి చూశాడు. సుందరమ్మ కోళ్ళన్నిటికీ కళ్ళచుట్టూ పొక్కులే. అంటే రోగం వచ్చింది, నీలమ్మ చెంబు దాన్ని ఆపింది. అదీ తాను చెప్పినదాంట్లో సగం మందు కూడా లేకుండానే. మిగిలిన మందు సుందరమ్మ కోళ్ళకు తానే పోసి, మల్లన్న భుజం తట్టి వెళ్ళాడు.

ఆ నెలలోనే పర్మనెంటు ఆర్డరు వచ్చింది. రిపోర్టులో, మందు పడని కోళ్ళను ఎలా, ఎక్కడ ఎంపిక చేశారన్న చోట భాస్కరరావు చాలాసేపు ఆలోచించి, "నల్లా దగ్గర" అని రాశాడు.