మోత ఆగింది, మోతీ లేచింది

"బాపూ, పప్పీని తీసుకస్తున్న" అని జగిత్యాల నుంచి రజిత ఫోన్లో చెప్పిన మాట, సాంచాల మోతలో తండ్రి ఓదెలు చెవికి "పప్పుని తీసుకస్తున్న" అని చేరింది. సాంచా అంటే సిరిసిల్లలో మరమగ్గం. అది నడుస్తున్నంతసేపు ఫోన్లో వినబడేది సగమే, మిగతా సగం వినేవాడి ఆకలిని బట్టి ఉంటుంది. కూతురు పప్పు తెస్తున్నదని తల్లి సత్యవ్వ ఆ పూట వండడం మానేసింది. తీరా బస్సు దిగివచ్చిన కూతురి సంచిలోంచి నాలుగు కాళ్ళు, ఒక తోక బయటపడ్డాయి.

"కోరుట్లల మా అత్త వద్దన్నది, జగిత్యాలల ఇంటి ఓనరు వద్దన్నడు. ఇగ మీరే దిక్కు బాపూ. దీని పేరు జింజర్" అంది రజిత. సత్యవ్వ నోట్లో జింజర్ కాస్తా జంజీరు అయింది. జంజీరు అంటే గొలుసే, కానీ ఇది గొలుసు వేయడానికి క్షణం నిలబడని జంజీరు.

కూతురి మాట వినబడాలని ఓదెలు సాంచాలు ఆపాడు. అదే కొంప ముంచింది. సాంచా కింద పడుకున్న ముసలి కుక్క మోతీ, ఆ నిశ్శబ్దానికి కళ్ళు తెరిచేసరికి, జంజీరు దాని చెవి నములుతూ కనబడింది. మోతీ గుర్రుమని పళ్ళు చూపించింది. జంజీరు కుయ్యోమంటూ కండెల గంపలో దూకి, నూలు ఒంటికి చుట్టుకుని, వంటింట్లోకి దారం దారిగా పరుగెత్తింది. ఆఫీసుకు టైమైతున్నదని రజిత తిరుగు బస్సు ఎక్కేసింది. చిక్కు తల్లిదండ్రులకు మిగిలింది.

"చూస్తివా?" అంది సత్యవ్వ, పిల్ల కాళ్ళకు పడ్డ పోగులు విప్పుతూ. "బిడ్డ నమ్మి ఇడిచిపోయింది. గీ ముసల్ది దీన్ని కొరికితె రజితకు ఏం జెప్పాలె? మా తమ్మునికి ఫోన్ చేస్తున్న. పొద్దూకెవరకు బండి తెచ్చి మోతీని కోనరావుపేటకు తోలుకపోతడు. పొలం కాడ పడుంటది."

"పొలం కాడ దానికి నిద్ర పట్టదే."

"నీ గురక పక్కన నాకు పట్టలేదా? అలవాటైతది."

ఓదెలు వంగి మోతీ తల నిమిరాడు. మోతీ కళ్ళు తెరిచిందే ఈ సాంచాల కింద. దానికి మోతే జోలపాట. అలాంటిదాన్ని ముసలితనంలో గడప దాటించడమా? "పొద్దూకెవరకు టైమున్నది గద" అన్నాడు తలకు రుమాలు బిగిస్తూ. "పడుగును పేకను కలిపి బతికేటోన్ని. రెండు కుక్కలను కలపనా? కలిపి తీరుత." మగ్గాన్ని నమ్ముకున్నవాడు, తగ్గే రకం కాదు.

మొదట కూతురికి ఫోన్ చేశాడు, ఈసారి రోడ్డు మీదికి పోయి. "ఇప్పుడే ఫోన్ల ఒక డాక్టరు చెప్పంగ జూసిన బాపూ" అంది రజిత. "మొదటిసారి కలిపేటప్పుడు సప్పుడు అస్సలు ఉండద్దట. ఇంకోటి, ఒకటే బట్టతోని రెండిటినీ తుడువాలట. వాసన కలుస్తదట."

ఓదెలు తన సాంచాలు మళ్ళీ ఆపాడు. కానీ పక్కింటి దేవయ్య షెడ్డు హోరు గోడ దాటి వస్తూనే ఉంది. దేవయ్య ఆ గల్లీకి పెద్దదిక్కు. ఓదెలు అతని షెడ్డు గుమ్మంలో నిలబడి ఆపమని చెయ్యెత్తాడు. ఆ హోరులో మాటలు చెల్లవు, చేతులే చెల్లుతాయి.

ఇక్కడ ఆ గల్లీ రివాజు ఒకటి చెప్పాలి. కరెంటు ఉండగా, పట్టపగలు, సాంచాలు ఆగాయంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని లెక్క. ముందు ఆ ఇంటివి ఆగుతాయి, తర్వాత పక్కింటివి, ఆ పైన గల్లీ అంతా. పీనుగ లేచేదాకా ఒక్క సాంచా నడవదు. ఎందుకు ఆపాలని ఎవరూ అడగరు. అడగడం మర్యాద కాదు. ఓదెలు కూడా ఎందరికోసమో ఆపినవాడే. కానీ ఆ రోజు అతని బుర్ర నిండా కుక్కలే ఉన్నాయి.

దేవయ్య ఓదెలు వాడిపోయిన ముఖం చూశాడు. ఓదెలు తల్లి లస్మవ్వ రోజూ కూర్చుని కండెలు చుట్టే అరుగు వైపు చూశాడు. అరుగు ఖాళీ. లస్మవ్వ నిన్న చెల్లెలిని చూడడానికి గంభీరావుపేట పోయిందని ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. దేవయ్య మెల్లగా స్విచ్చులు బంద్ చేసి, వచ్చి ఓదెలు భుజం మీద చెయ్యి వేశాడు.

"ధైర్యంగ ఉండు తమ్మీ. ఇది తప్పనిదే గద."

"తప్పదన్నా. పొద్దూకెలోపల పని కావాలె."

"అయితది. మేమంత లేమా?"

ఓదెలు కళ్ళు చెమర్చాయి. ఒక కుక్క కోసం ఇంత మంచితనమా అనుకున్నాడు. అతను ఇంటికి చేరేలోగా వరసగా ఒక్కో షెడ్డూ మూగబోయింది. "చూడవే" అన్నాడు భార్యతో, "మన మోతీ కోసం గల్లీ మొత్తం ఆపిండ్రు."

"గంత మంచోళ్ళు ఎన్నడైండ్రు?" అంది సత్యవ్వ.

ఓదెలు తలుపు దగ్గరేసి, తెల్లటి కొత్త గుడ్డతో ముందు జంజీరును, తర్వాత మోతీని తుడవడం మొదలుపెట్టాడు. కానీ అంతటి నిశ్శబ్దం మోతీకి పడదు. లేచి నిలబడింది, చెవులు రిక్కించింది, మోర పైకెత్తి పొడుగ్గా ఏడుపు అందుకుంది. జంజీరు సన్నగా శ్రుతి కలిపింది. ఓదెలు ఎంత బుజ్జగించినా కచేరీ ఆగలేదు.

బయట సాంచాల మీద పోగులు ఆగిపోయి, వాకిట్లో జనం పోగయ్యారు. మోతీ ఏడుపు విని ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కుక్కకు గూడ తెలిసింది జూడు" అంది. దాంతో మిగతావాళ్ళు రాగం తీశారు. అప్పుడే ట్రాలీ ఆటోతో దిగిన సత్యవ్వ తమ్ముడు మహిపాల్‌కు ఏమీ అర్థం కాలేదు. అతని బండికి ఎవరో బంతిపూల దండ కట్టేశారు.

"నీకెవలు జెప్పిండ్రు బిడ్డా?" అని దేవయ్య అడిగాడు.

"పొద్దుగాలనే అక్క ఫోన్ జేసింది. పొద్దూకెవరకు తీసుకపొమ్మన్నది."

"ఒక్కనివే అచ్చినవా? మోసుడెట్ల మరి?"

"దానికి నలుగురెందుకే? సంకల పెట్టుకపోత."

కొంగు అడ్డం పెట్టుకున్నామె లెంపలేసుకుంది.

ఆ సందులోనే ఇంకో ఆటో వచ్చి ఆగింది. చేతి కర్ర, దాని వెనుక లస్మవ్వ దిగారు. తన ఇంటి ముందు జనం, బండికి దండ, ఏడుపులు. ముసలామె కర్ర పారేసి, ఎదురుగా ఉన్న దేవయ్య మెడ పట్టుకుని గొల్లుమంది. "ఎవలు పోయిండ్రు కొడుకా?"

దేవయ్య కొయ్యబారిపోయాడు. "నువ్వే పోయినవు పెద్దవ్వా" అన్నాడు సన్నగా.

"నేను గంభీరావుపేట పోయిన."

తలుపు తెరుచుకుంది. చంకలో జంజీరు, చేతిలో తెల్ల గుడ్డతో ఓదెలు బయటికి వచ్చాడు. అందరినీ చూసి, తల్లిని చూసి, దండను చూసి, అప్పుడు రివాజు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. రజిత ఫోన్ దగ్గర మొదలుపెట్టి, సప్పుడు ఉండద్దన్న డాక్టరు, వాసన కలిపే గుడ్డ, మోతీని తోలుకపోవడానికి వచ్చిన బామ్మర్ది, అన్నీ గల్లీ మొత్తానికి వినబడేలా చెప్పుకున్నాడు. వినబడకపోవడానికి ఆ రోజు అడ్డమేమీ లేదు.

"అంటె నేను కుక్క కోసం ఏడ్చిన్నా?" అన్నాడు దేవయ్య.

"కుక్క గూడ మనందరికోసం ఏడ్చిందే అన్నా" అన్నాడు ఓదెలు చిన్నగా.

దేవయ్య మరో మాట మాట్లాడకుండా పోయి స్విచ్చులు వేశాడు. అతన్ని చూసి గల్లీ అంతా వేసింది. సత్యవ్వ కూడా సిగ్గుతో లోపలికి పోయి తమ సాంచాలు నడిపించింది. ఆ హోరుకు జంజీరు ఓదెలు చంకలోంచి జారి, ఇల్లంతా ఉరికి, దాక్కునే చోటు ఇంకెక్కడా దొరకక మోతీ కడుపు కింద దూరింది. మోతీ దాన్ని ఒకసారి వాసన చూసింది. ఇంటి గుడ్డ వాసనే. ఆవులించి, ఉన్నచోటే ఒకసారి చుట్టు తిరిగి, పిల్ల వీపు మీద గదువ ఆనించి నిద్రపోయింది.

సత్యవ్వ అది చూసి వాకిట్లోకి వచ్చి, "మోతీ రాదు తియ్యి" అంది తమ్ముడి చెవి దగ్గర అరుస్తూ. "తిని పో. పప్పు లేదు గని పచ్చిపులుసున్నది."

ఓదెలు కళ్ళు తుడుచుకున్నాడు, అదే గుడ్డతో.

లస్మవ్వ అరుగు మీద తన చోట్లో కూర్చుని, బండి మీంచి విప్పిన దండను ఒళ్ళో పెట్టుకుని, వెళ్ళిపోతున్న ఒక్కొక్కరినీ పరకాయించి చూసింది. ఆఖర్న దేవయ్యను సైగ చేసి పిలిచింది.

"అందరచ్చిండ్రు గని, మూలింటి యాదగిరి రాలేదు. యాదుంచుకుంట."